బొరుగుల బట్టీ

కడప జిల్లాలో ప్రొద్దుటూరునకు సమీపమున చాపాడు కలదు. కుందూ నదియు, కర్నూలు–కడప కాలువయు ఆ ప్రాంతపు పొలములకు ఆధారములు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన ఆ కాలువను 1882లో ప్రభుత్వము కొనెను. కాలువ నీరు పాఱినచోట వరి పండును. వేకువనే పొలమునకు పోయినవారికి ప్రొద్దెక్కునప్పటికి గట్టి ఆకలి వేయును. అప్పటి తిండి ఫలాహారమునకు ఎక్కువ, భోజనమునకు తక్కువ. రాయలసీమలో ఆ వేళకు ఉగ్గానియు, మిరపకాయ బజ్జియు ప్రసిద్ధములు.

ఇట్టి నడిమి తిండికి ఆంగ్లేయులు ‘బ్రంచి’ అని పేరిడిరి. బ్రేక్‌ఫాస్టు, లంచి అను రెండు మాటల కలయికయే ఆ పేరు. 1895లో గై బెరింజరు అను రచయిత దానిని మెచ్చుచు ఒక వ్యాసము వ్రాసెను. ఆదివారము ఆలస్యముగ లేచువారికి అది హితమని ఆయన వాదము. ఉగ్గానియో, పెందలకడనే లేచి పాటుపడినవారి ఆహారము.

ఫ్రెంచి రొట్టెల అంగళ్లలో ఆ వేళ కాఫీతో క్రొవాసాన్ అను నెలవంక రొట్టెను తినుదురు. ఆగస్టు జాంగ్ అను ఆస్ట్రియావాసి 1830ల చివర పారిస్ నగరమున అంగడి తెఱచి, తన దేశపు రొట్టెలను అచటివారికి రుచి చూపెను. క్రొవాసాన్‌కు మూలము అట్టి రొట్టెయే. పులిసిన గోధుమపిండి నడుమ వెన్న నుంచి, అప్పళించి, మూడు మడతలుగ మడతురు. ఇట్లు మూడుమార్లు చేసినచో వెన్న 27 పొరలగును. పొయ్యిలో పెట్టగనే పిండిలోని నీరు ఆవిరియై పొరలను పైకెత్తును. వెన్న వానిని అంటుకొననీయదు. అందుచే రొట్టె గుల్లబాఱును.

మన బొరుగులను పొంగించునదియు ఆ యావిరియే. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, పొట్టు తీయుదురు. ఉడుకుటచే మెత్తబడిన గింజ ఆఱిన పిదప గాజువలె గట్టిపడును. ఆ బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, కొంచెము వేడిచేసి, బాగుగ కాలిన యిసుకలో పోయుదురు. ఇసుక వేడి 200 డిగ్రీల సెంటీగ్రేడునకు పైబడియుండును. గింజలోని కొలది తేమ ఒక్కసారిగ ఆవిరియై, వెడలు దారిలేక, గింజను లోపలినుండి ఉబ్బించును. ఇదంతయు కొన్ని సెకనులలో ముగియును.

తేమ తగ్గినను హెచ్చినను గింజ సరిగా పొంగదు. జల్లెడ పట్టుట ఆలస్యమైనచో బొరుగులు మాడును. మాడిన వాయి అమ్ముడుపోదు. కూలియు, కట్టెలును వ్యర్థములగును. కావున బట్టీ కడ నిలిచినవాడు పొగను, సెగను ఓర్చుకొని, గింజల చిటపటలను విని, రంగును చూచి వేళ గుర్తించును. నేడు పెక్కుచోట్ల యంత్రములు వచ్చినను, తేమ, వేడి, కాలము అను మూడింటి లెక్క మాఱలేదు.

ఉగ్గాని చేయుటలోను ఈ మెలకువ అవసరము. గుల్లయైన బొరుగు నీటిని వెంటనే పీల్చును. కనుక నీట ముంచి తడవు చేయక పిండవలెను, లేనిచో ముద్దయగును. పిదప ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి తాలింపు పెట్టి, బొరుగులను కలిపి, పుట్నాల పొడి చల్లి, నిమ్మరసము పిండుదురు.

చవుకగ దొరకుచున్నదని బొరుగులను తేలికగ చూచుట తగదు. పొట్లములోని పిడికెడు బొరుగులలో రైతు పంటయు, బట్టీవాని నేర్పును కలవు.