యంత్రం పాడిన వేలంపాట

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనవారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో, దివిసీమలోని మా యింటితోబాటు ఆయన పుస్తకాల పెట్టె కూడా కొట్టుకుపోయింది. అప్పటికి నేను పుట్టలేదు. అయినా ఆ పెట్టెలో ఏమేమి వుండేవో నాకు కంఠతా వచ్చు; అన్నిసార్లు విన్నాను. క్రమంగా అన్నీ మళ్లీ సమకూరాయి గాని, బ్రౌన్ నిఘంటువు మాత్రం దొరకలేదు. అదీ 1903లో మద్రాసులో అచ్చయిన కూర్పు, వీరేశలింగం పంతులుగారి చెయ్యి పడినది. తరవాతి ముద్రణలు ఎన్ని తెచ్చి యిచ్చినా, "ఇది అది కాదురా" అని పక్కన పెట్టేవారు.

నిరుడు అమెరికాలో వున్న మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. "బాబాయ్, తాతయ్య పుస్తకం వేలానికొచ్చింది. ఎంతదాకా పాడమంటావు?"

ఇంటర్నెట్టు వేలమట. పది డాలర్లకు మొదలు, ఏడురోజుల గడువు.

నాకు తెలిసిన వేలం గుడి అరుగుమీద దేవుడి మాన్యానికి జరిగే కౌలుపాట. ఒకాయన ఒక అంకె చెబుతాడు. ఆయనంటే గిట్టనివాడు వెంటనే అయిదువందలు పెంచుతాడు. పొలంకోసం మొదలైన పాట పంతంతో ముగుస్తుంది. మనవాళ్లు దాన్ని పాట అన్నారంటే వూరికే అన్నారా? గొంతు వుండాలి, ఎదటిమనిషి కనబడాలి. ఏడురోజులపాటు రాత్రింబగళ్లు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరు పాడతారండీ?

అక్కడే వుంది కిటుకు. మనం పాడనక్కర లేదు. "ఇంతకు మించి ఇవ్వను" అన్న అంకె నొకదాన్ని యంత్రానికి రహస్యంగా చెప్పి వుంచితే చాలు. ఆ అంకెను అది బయటపెట్టదు. అవతలివాడు పాడినప్పుడల్లా మన తరపున ఒక్క మెట్టు పైన పాడి వూరుకుంటుంది. నమ్మకస్తుడైన గుమాస్తాను వేలానికి పంపినట్లన్నమాట. తపాలాబిళ్లల వేలాల్లో దూరపువాళ్లు ఉత్తరాలు రాసి, తమ తరపున పాడమని వేలందారుకే అప్పగించడం ఏనాటినుంచో వున్నదే. 1995లో పియర్ ఒమిడ్యార్ అమెరికాలో స్థాపించిన సంస్థ, తరవాత ఈబే అయినది, ఆ గుమాస్తాగిరీని యంత్రానికిచ్చి లోకమంతటా వ్యాపింపజేసింది. అక్కడ ఆయన మొదట అమ్మింది చెడిపోయిన లేజరు పాయింటరు; 14 డాలర్ల 83 సెంట్లు పలికింది! బ్రౌన్ దొరగారికి గిరాకీ వుండదని నేనెందుకనుకోవాలి?

నేను బేరగాడిలాగా ఆలోచించి నలభై చెప్పాను. అవసరమైతే డెబ్భై అయిదయినా ఇద్దామని మనసులో వుంది. కాని ముందే చెబితే అంతా గుంజుకుంటారేమోనని భయం. మావాడు నలభై వెయ్యగానే, పదిదగ్గర వున్న ధర ముప్ఫైమూడుకు ఎగిరింది. నా గుండె కూడా ఎగిరింది. జరిగిందేమంటే, మాకంటే ముందే ఎవరో ముప్ఫైరెండు చెప్పి దాచుకున్నారు. ఆ ధరలదగ్గర మెట్టు ఒక డాలరు. మర్నాడు మరొకరు ముప్ఫైయారు వేస్తే, క్షణంలో మా గుమాస్తా ముప్ఫైయేడు అన్నాడు. నాకు భలే ముచ్చటేసింది.

ఏడోరోజున, ఇంకా ఎనిమిది సెకన్లుండగా ఎవరో వచ్చారు. నలభైయొకటి. వేలం ముగిసింది.

"ఒక్క డాలరు! నలభైరెండు అని వుంటే మనదేగదరా!" అని వాపోయాను.

"కాదు బాబాయ్. ఆ నలభైయొకటి అతని అంకె కాదు. నీ నలభైకి ఒక మెట్టు కలిపింది. అతను రెండువందలు చెప్పి వుండవచ్చు. నీకు కనబడింది నీ హద్దే."

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఓడినవాడికి కనిపించే ధర అద్దంలాంటిదని నాకు తట్టనే లేదు. గెలిచినవాడు తన అంకె ఎంతైనా, చెల్లించేది రెండోవాడి అంకెకు ఒక మెట్టు పైన మాత్రమే. అలాంటప్పుడు నిజం చెప్పడానికి భయమెందుకు? రెండో ధర చెల్లించే ఏర్పాటులో, మనకా వస్తువు ఎంత విలువో అంతా చెప్పడమే లాభమని విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు 1961లోనే నిరూపించాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు. మూడు రోజులకే ఆయన పోయాడు.

అయితే కడపటి క్షణందాకా దాక్కునేవాళ్లెందుకు? రేటు కనబడగానే పౌరుషం పుట్టి పెంచుకుంటూపోయే నాలాంటివాళ్లకు వ్యవధి ఇవ్వకుండా వుండడానికే. చివర్లో ఎవరైనా పాడితే గడువు పొడిగించే వేలాల్లో ఈ ఎత్తు అంతగా సాగదు. అమ్మేవాడే తన మనిషిచేత దొంగపాట పాడించి ధర లేపడమూ వుంది. నిబంధనలు వద్దంటాయి, మనుషులు మానరు. అందుకు మందు కూడా అదే: చెల్లించినా విచారించని అంకె చెప్పడం.

అయిదునెలలకు ఇంకో ప్రతి వచ్చింది. ఈసారి ఎనభై అన్నాను. దాన్ని మళ్లీ తాకవద్దని మావాడికి గట్టిగా చెప్పి పడుకున్నాను. యాభైమూడుకు వచ్చింది. తపాలా ఖర్చు సంగతి మా ఆవిడ ముందు ఎత్తకండి.

నాన్నగారు అట్ట తెరిచి, ముక్కుదగ్గర పెట్టుకుని వాసన చూశారు. చాలాసేపటికి, "ఎంతకు పాడావురా?" అన్నారు.

"యాభైమూడు డాలర్లు నాన్నగారూ."

"ఎంతదాకా పాడుదామనుకున్నావు?"

ఆ అంకెను యంత్రమే బయటపెట్టలేదు. నేనూ పెట్టలేదు.