ఏండ్లకు పేర్లు

సూర్యాపేటకు చేరువనున్న చివ్వెంల మండలమున దురాజ్‌పల్లి యను గ్రామము కలదు. అచటి పెద్దగట్టుపై రెండేండ్లకొకమారు మాఘమాసమున లింగమంతులస్వామి జాతర జరుగును. దానినే గొల్లగట్టు జాతర యనియు పిలుతురు. ఈ ప్రాంతపు వృద్ధులకు ఆ జాతర దేవుని పండుగ మాత్రమే కాదు. గడచిన కాలమును గుర్తుంచుకొనుటకు ఆనవాలు కూడ.

నేను ఉపాధ్యాయుడనైన తొలి దినములలో ఒక ముసలమ్మ మనుమని చేయి పట్టుకొని బడికి వచ్చెను. నేను రిజిస్టరు తెరచి, "వీడు ఎప్పుడు పుట్టినాడమ్మా?" అని అడిగితిని. "జాతర అయినంక, వానకాలంల పుట్టిండు సారూ" అని ఆమె చెప్పెను. జాతర రెండేండ్లకొకసారి వచ్చును గదా! అది ఏ జాతర? బాలుని యెత్తు చూచి వయస్సు ఊహించి వ్రాయుటకు నాకు మనసొప్పలేదు. ఆ పుస్తకమున వ్రాసిన తేదీ పరీక్షకును, ఉద్యోగమునకును, పదవీవిరమణకును వెంట వచ్చును. నేడు తప్పు వ్రాసినచో వాడు జీవితమంతయు దానిని మోయవలసినదే. నేను సందేహించుచుండగా ఆమెయే, "ఆ ఏడు ఉగాదినాడు అయ్యగారు శుక్ల అని చదివిండు" అనెను. చిక్కు విడిపోయినది. శుక్ల యనగా 1989 ఉగాదితో మొదలైన సంవత్సరము.

విద్యార్థులారా! ప్రభవతో మొదలై అక్షయతో ముగియు మన సంవత్సర నామములు అరువది. ఇవి పూర్తికాగానే మరల ప్రభవ వచ్చును. మానవుడు తాను పుట్టిన నామ సంవత్సరమును తిరిగి చూచినపుడు జరుపుకొను వేడుకయే షష్టిపూర్తి.

ఏండ్లకు పేర్లు పెట్టినవారము మనమొక్కరమే కాదు. చైనా దేశీయులు పండ్రెండు జంతువుల పేర్లతో ఏండ్లను గుర్తింతురు. అవి వరుసగా ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రము, మేక, కోతి, కోడి, కుక్క, పంది. వీనిలో డ్రాగన్ కల్పిత జంతువు. వియత్నాము దేశమున కుందేలునకు మారుగా పిల్లి యుండును. ఈ పండ్రెండింటిని కొయ్య, నిప్పు, మన్ను, లోహము, నీరు అను అయిదింటితో జతచేయుదురు. పండ్రెండయిదులు అరువది. చైనావారి పెద్ద చక్రము కూడ అరువదేండ్లదే!

ఈ పండ్రెండు సంఖ్యకు మూలము ఆకాశముననే కనబడును. బృహస్పతి సూర్యుని చుట్టివచ్చుటకు దాదాపు పండ్రెండేండ్లు పట్టును. ప్రాచీన చైనీయులు ఆ గ్రహమును 'సంవత్సర తార' యని పిలిచిరి. మన పుష్కరములకును అదియే ఆధారము. బృహస్పతి కన్యారాశిని చేరినపుడు కృష్ణా పుష్కరములు వచ్చును. మూసీ నది కృష్ణలో కలియు వాడపల్లియందు 2004లోను, 2016లోను జనులు పుష్కర స్నానములు చేసిరి. బృహస్పతి అయిదుమార్లు చుట్టివచ్చిన అరువదేండ్లగును.

మీ పుట్టిన యేటి జంతువును మీరే కనుగొనవచ్చును. ఆ సంవత్సర సంఖ్యను పండ్రెండుచే భాగింపుడు. శేషము నాలుగైన ఎలుక, అయిదైన ఎద్దు. ఇట్లే వరుసగా లెక్కించి, పదునొకండైన మేక, సున్నయైన కోతి, ఒకటైన కోడి, రెండైన కుక్క, మూడైన పంది యని గ్రహింపుడు. 2013ను భాగించిన శేషము తొమ్మిది; కనుక అది పాము సంవత్సరము. తెలుగు పేరునకై 2013లోనుండి 1986 తీసివేయగా 27 వచ్చును, ఇరువదియేడవది విజయ. అయితే ఒక జాగ్రత్త వలయును. చైనావారి కొత్త సంవత్సరము జనవరి చివరనో ఫిబ్రవరిలోనో మొదలగును, మనది ఉగాదితో. అంతకు ముందు పుట్టినవారు గడచిన యేటికి చెందుదురు.

పేరు లెక్కకు పనికివచ్చును. దానిని విధివ్రాతగా నమ్మినచో కీడు కలుగును. జపాను దేశమున కూడ ఈ చక్రము కలదు. నిప్పు గుర్రపు సంవత్సరమున పుట్టిన ఆడపిల్ల భర్తకు చేటు తెచ్చునని అచట నొక మూఢనమ్మకము. 1965లో అచట పదునెనిమిది లక్షలకు పైగా శిశువులు పుట్టగా, నిప్పు గుర్రము వచ్చిన 1966లో పదుమూడున్నర లక్షలకు కొంచెము మించి మాత్రమే పుట్టిరి. మరుసటి యేడు ఆ సంఖ్య పందొమ్మిది లక్షలు దాటినది. ఒక్క పేరునకు వెరచి లక్షలాది తల్లిదండ్రులు బిడ్డలను కనుట మానిరి.

ఆ 1966 ఉగాదితో మనకు మొదలైన సంవత్సరమేదో తెలియునా? పరాభవ! అనగా ఓటమి. అరువదేండ్లకు, 2026 ఉగాదికి వచ్చునదియు పరాభవయే. పరాభవలో పుట్టినవారందరును ఓడిపోయిరా? వారిలో రైతులు, వైద్యులు, ఉపాధ్యాయులు ఎందరో కలరు. పేరులోని అర్థము వారి శ్రమను అడ్డగింపలేదు.

ఈ సాయంకాలము మీ తాతను, నాయనమ్మను వారు పుట్టిన సంవత్సరపు పేరడుగుడు. ఆ పేరునుబట్టి వారి వయస్సును లెక్కగట్టుడు. భవిష్యత్తును మాత్రము అందులో వెదకకుడు.