ఇంటి మరమ్మతు – మేస్త్రీని ఎప్పుడు పిలవాలి?

మరమ్మతు అనే మాట అరబీ నుండి ఉర్దూ మీదుగా తెలుగులోనికి వచ్చి స్థిరపడింది. మేస్త్రీ అనే మాట ఇంకా దూరం నుండి, సముద్రం దాటి వచ్చింది. పోర్చుగీసు వారి మాటే ఉర్దూలో మిస్త్రీగా, తెలుగులో మేస్త్రీగా మారింది. ఈ రెండు మాటలూ మన కళాశాలలోని రెండు భాషల వారికీ సొంతమే. అయితే ఏ మరమ్మతును మన చేతులతో చేసుకోవచ్చు, దేనికి మేస్త్రీని పిలవాలి అన్న ప్రశ్న మాత్రం ప్రతి సంవత్సరం ముంగారు వానలకు ముందు ఇంటింటా తలెత్తుతూనే ఉంటుంది. హాలహర్వి, ఆలూరు, ఆదోని ప్రాంతాల మట్టిమిద్దెలలో పుట్టి పెరిగిన వారికి ఇది కేవలం ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. ముసురు పట్టిన రాత్రి మిద్దె కూలి, నిద్రలోనే కుటుంబాలు నలిగిపోయిన వార్తలను మనమంతా చదివిన వారమే.

మిద్దె నిర్మాణాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాము. గోడలపై దూలాలు, దూలాలపై దంతెలు, వాటిపై కట్టెలో బండలో పరచి, పైన మన్ను, ఆ మన్నుపై చౌడు వేస్తారు. పంట పండని చౌడు నేల మిద్దెకు మాత్రం మేలు చేస్తుంది. దానిలో సోడియం లవణాలు అధికం. తడి తగలగానే అందులోని సన్నని బంకమట్టి రేణువులు విడిపోయి సందులను మూసివేస్తాయి, నీరు దిగువకు ఇంకదు. రసాయనశాస్త్రం చదవని మన పెద్దలు ఈ సంగతిని అనుభవంతో తెలుసుకున్నారు. వానల ముందు మిద్దెపై గడ్డి పీకడం, ఎలుక బొక్కలు పూడ్చడం, నీరు పోయే గొట్టాన్ని శుభ్రం చేయడం, పలుచగా చౌడు పరచడం – ఇవన్నీ ఇంటివారు చేసుకోవలసిన పనులే. వీటికి మేస్త్రీని పిలవడం డబ్బు దండుగ.

కాని ఈ మంచి అలవాటులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిపై ఒక్క అంగుళం మన్ను వేస్తే, దాని బరువు సుమారు నాలుగు క్వింటాళ్లు అవుతుంది. పాతమన్ను దించకుండా ఏటేటా ఇలా వేస్తూ పోతే పన్నెండేండ్లకు ఒక అడుగు మందం పేరుకుంటుంది, అనగా దాదాపు నాలుగున్నర టన్నులు. ఆ మన్ను వాన నీటిని పీల్చుకొంటే బరువు ఇంకా హెచ్చుతుంది. దూలం మాత్రం ఏటేటా బలం పెంచుకోదు కదా! పైగా గోడలోనికి చొచ్చుకొని ఉన్న దూలపు కొనకు గాలి తగలదు, తడి ఆరదు. పుచ్చు, చెద అక్కడనే ఆరంభమవుతాయి. నడుమ భాగం నిగనిగలాడుతూ ఉండగానే కొన పిండి అయిపోవచ్చు.

మా సొంత ఇంటి అనుభవమే చెబుతాము. నాలుగేండ్ల పాటు ఒకే మూల కురుస్తూ ఉంటే, నాలుగేండ్లూ మేమే చౌడు మోసి అక్కడే పోశాము. కురవడం తగ్గినట్లు అనిపించేది, మళ్లీ మొదలయ్యేది. చివరకు ఒక ముసలి వడ్రంగిని పిలిచాము. ఆయన మిద్దె ఎక్కనే లేదు. లోపల నిచ్చెన వేసుకొని, గోడ దగ్గర దూలపు కొనలో ఉలిని వేళ్లతో నొక్కాడు. సుత్తితో పని లేకుండానే ఉలి పిడి దాకా దిగిపోయింది. మేము నీటిని చూశాము, ఆయన బరువును చూశాడు. దూలం కుంగినందున ఆ మూల పల్లమై నీరు నిలిచేది. ఆ పల్లాన్ని మన్నుతో నింపి మేమే దూలాన్ని ఇంకా కుంగదీస్తున్నామన్న మాట.

కనుక పిలవవలసిన సమయాన్ని గుర్తించడానికి ఇంటివారు చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. దూలం కింద ఈ కొన నుండి ఆ కొనకు దారం బిగించి కట్టి, నడుమ ఎంత వంగిందో కొలిచి, తేదీతో గోడపై వ్రాయాలి. నెల తరువాత మళ్లీ కొలవాలి. వంపు పెరిగిందంటే ఇక చౌడు మాట మరచిపోవాలి. గోడ బీటకు అడ్డంగా ఒక కాగితం అతికించి చూడాలి. అది చిరిగితే బీట ఇంకా కదులుతున్నట్లే. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొంటుంది. అందుచేత వేసవిలో విచ్చి, వానలలో మూసుకొనే సన్నని బీటలు మన ఊళ్లలో సహజం. వాటిని చూసి భయపడనక్కరలేదు. వేసవిలో సిమెంటు కూరితే వానలో గోడ మరొకచోట పగులుతుంది, అంతే. పోయినేటి కన్న ఈ ఏడు వెడల్పైన బీట, పైకి పోనుపోను విచ్చుకొనే బీట, పొట్ట తీసిన గోడ – ఇవి మాత్రం మేస్త్రీ చూడవలసినవి. ముసురులో పైనుండి మన్ను రాలుతూ దూలం కిర్రుమంటే ఎవరినీ పిలవవద్దు, మిద్దె ఎక్కవద్దు. పిల్లలతో సహా ఆ రాత్రికి బడిలోనో మసీదులోనో గుడిలోనో తలదాచుకోవాలి. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచినప్పుడు నీటి ఉధృతిని అందరూ చూశారు. నానిన మన్ను బరువు అలా కంటికి కనబడదు.

విద్యుత్తు విషయంలో మా అభిప్రాయం మరింత కఠినం. బల్బు మార్చడం, మెయిన్ స్విచ్చు ఆపి ఫ్యూజు వేయడం వరకే మన పని. ఫ్యూజు మాటిమాటికి పోతూ ఉంటే లావు తీగ చుట్టేవారు ఉన్నారు. అది కాపలా కుక్క మొరుగుతున్నదని దాని నోరు కట్టడమే. తడిగోడ ముట్టుకుంటే జిల్లుమన్నా, స్విచ్చు బోర్డు వేడెక్కినా వైరింగు తెలిసినవారు రావాలి. మీటరుకు అవతల స్తంభం దాకా ఉన్నది శాఖవారి పని. ఎమ్మిగనూరు వంటి నేతపట్టణాలలో గుంటమగ్గం గల ఇండ్ల వారు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. గుంటలో కాళ్లు ఉంచి కూర్చొనే నేతగానికి ఊటనీరు, పాతవైరు రెండూ ఒకచోట చేరడం కంటె పెద్ద గండం లేదు.

మరుగుదొడ్డి గుంతను గురించి ఒక్క మాట. అందులోని విషవాయువు మనిషిని క్షణాలలో పడవేస్తుంది, కాపాడబోయినవారిని కూడా బలిగొంటుంది. మనము దిగరాదు, కూలి ఇచ్చి మరొకరిని దింపరాదు. 2013 నాటి చట్టం దానిని నేరంగా నిర్ణయించింది. యంత్రం గల ట్యాంకరును మాత్రమే పిలవాలి.

సున్నం కొట్టడం, కుళాయి వాషరు మార్చడం, తలుపు బందులు బిగించడం వంటి వాటిని కళాశాల విద్యార్థులు నేర్చుకొనడం నామోషీ కాదు. చెడినా మళ్లీ చేయవచ్చు. చెడితే మళ్లీ చేయడానికి మనమే మిగలని పనుల వద్దనే ఆగాలి.

ఇక మేస్త్రీ దొరకడం ఎట్లా? పడమటి మండలాల నుండి పనివారు మిరపకోతలకు గుంటూరు వైపు, కట్టడాలకు బెంగుళూరుకు వలస పోవడం తెలిసిన సంగతే. ఊరి మేస్త్రీ కూడా వారితో పోతాడు. వాన పడ్డాక వెదకితే దొరకడు. ఉగాదికి ఊరు చేరినప్పుడే ఇల్లు చూపించి మాట తీసుకోవాలి. గచ్చు, గిలాబా వంటి కొలతకు అందే పనిని గుత్తకు ఇవ్వవచ్చు. పాతమిద్దె విప్పే పనిని దినకూలికే చేయించడం మేలని మా అభిప్రాయం. లోపల ఏమున్నదో విప్పేదాకా ఎవరికీ తెలియదు. గుత్త పట్టినవాడు తొందరపడితే నష్టం ఇంటివారిదే.

మా ఇంటి దూలానికి ముందుగా గుంజలతో ఊతం ఇచ్చి, పైమన్నంతా దించి, కొత్త దూలం ఎక్కించడానికి తొమ్మిది దినాలు పట్టింది. దించిన మన్ను మోకాలి లోతుకు పైగా ఉండినది. ఆ తరువాత ప్రతి ఏడూ చౌడు మేమే పరుస్తున్నాము, ముందుగా ఒక అంగుళం పాతమన్ను చెక్కి దించిన తరువాతనే.