ఇంట్లో పడవ... తెర మీద ఏరు!

‘మూగ మనసులు’ (1964)లో గోపిగా అక్కినేని గోదావరి మీద పడవ నడుపుతుంటే మురిసిపోని వాళ్లెవరు? ఆ గోపికి యంత్రమూ లేదు, నెలనెలా చందా అసలే లేదు!

ఇప్పుడు పడవ ఇంట్లోకే వచ్చేసింది. నీళ్లుండవు, తెడ్డుండదు. జారే సీటు, లాగే పిడి, ఎదురుగా పెద్ద తెర. ఆ తెర మీద పాఠం నడుస్తుంటే దానితో పాటు మనం లాగాలి. దీని పేరు రోయింగ్ మెషిన్. 2013లో మొదలైన ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ సీరియల్లో కథానాయకుడు ఇంట్లో కూర్చుని అలాంటి కొయ్య యంత్రం లాగుతుంటే లోకమంతా చూసింది.

మరి బుచ్చిరెడ్డిపాలెం కుర్రాడికి మాత్రం మోజు పుట్టదా? అమెరికాలో అన్నయ్యో, బావో ఉంటే ఇక చెప్పాలా!

మంచిమాట ముందు చెప్పుకుందాం. ఇది చేతుల కసరత్తు అనుకుంటారు. కాదు! ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, ఆఖర్న చేతులు లాగాలి. బలంలో పెద్ద వాటా కాళ్లదే. ఒక్క లాగుతో ఒళ్లంతా పనిచేస్తుంది. పరుగులో మాదిరి మోకాళ్లకు అదురూ ఉండదు. వీపు గూని చేసి లాగితే మాత్రం నొప్పి కొని తెచ్చుకున్నట్టే.

ఇక లెక్క చూద్దాం. పెలోటన్ యంత్రం 2022లో అమెరికాలో వచ్చినప్పుడు ధర 3,195 డాలర్లు. అప్పట్లో చందా నెలకు 44. మూడేళ్లకు చందాయే 1,584. వెరసి 4,779 డాలర్లు! మన డబ్బులో నాలుగు లక్షల దరిదాపు. ఓడ ఖర్చులు, సుంకం వేరే. పైగా ఎనిమిదడుగుల చోటు కావాలి. చందా ఆపితే పాఠాలు బంద్. చెడిపోతే బాగుచేసే మనిషి మన ముంబయి రోడ్డు మీద దొరుకుతాడా?

తెర హంగు లేనివీ ఉన్నాయి. కాన్సెప్ట్2 వాళ్లు 1981లో సైకిల్ చక్రంతో మొదటి యంత్రం చేశారు. ఈనాటి రకం అమెరికాలో సుమారు వెయ్యి డాలర్లు. చిన్న మీటరు ఉంటుంది, చందా ఉండదు. పోటీలకు తయారయ్యే వాళ్లు లాగేది ఇలాంటి వాటినే.

దత్తూ భోకనల్ సంగతి తెలుసా? మహారాష్ట్రలో కరువు పల్లె నుంచి వచ్చి, బావులు తవ్వి, సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి జట్టులో బంగారు పతకం కొట్టాడు. అతన్ని లేపి కూర్చోబెట్టింది తెర కాదు, పట్టుదల!

కనుక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముందు నెల్లూరులో ఈ యంత్రం ఉన్న జిమ్ వెతకండి. వారానికి మూడుసార్లు, మూడు నెలలు లాగండి. వెళ్లిన రోజల్లా క్యాలెండర్లో సున్నా చుట్టండి. సున్నాలు నిండితే మామూలు యంత్రం కొనండి, తప్పులేదు. పాఠం వినిపిస్తే తప్ప ఒళ్లు కదలదనీ, చందా ఇంటికి బరువు కాదనీ తేలితేనే తెర యంత్రం మాట ఎత్తండి.

సున్నాలు నిండలేదా? అయితే నాన్నగారు వడ్లమ్మిన డబ్బు బట్టలారేసుకునే దండెం కాకుండా తప్పించుకున్నట్టే!