పిల్లికి కరోనా అని కాయితమొస్తే ఒగ్గేయడమేనా?

మా కోటబొమ్మాళిలో మా వీధి పిన్నొకామె పెంచుకున్న పిల్లి నాలుగు రోజులు తిండి ముట్టలేదు. కొడుకు పట్నం తీసుకెళ్లి చూపించినాడు. రక్తం తీసి ‘కరోనా యాంటీబాడీ పాజిటివ్’ అని ఇంగ్లీషులో కాయితం చేతిలో పెట్టినారు. అదేటో విడమర్చి చెప్పినోళ్లు లేరు. సాయంత్రానికి వీధంతా గగ్గోలు. “ఇంట్లో గుంటలున్నారు, గోనెసంచిలో కట్టి ఊరవతల ఒగ్గేసి రా” అని తలో మాట. పిన్ని నా దగ్గరికొచ్చి, “బాబూ, ఇది మాకంటుకుంటాదేటి?” అని అడిగింది.

ముందు ఒకటి తెలుసుకోవాల. కరోనా అంటే ఒక్క వైరస్ కాదు, పెద్ద కుటుంబం. మనల్ని పీడించిన కోవిడ్ వైరస్ అందులో ఒకటి. పిల్లుల కరోనా వేరు. అది పిల్లి పేగుల్లో ఉంటాది, మనుషులకి రాదు. పిల్లులు గుంపుగా ఉన్న చోట మహా మామూలు. చాలావాటికి ఏమీ అవదు, మహా అయితే నాల్రోజులు విరేచనాలు. కొద్దిపాటి పిల్లుల్లో మాత్రం, నూటికి పదికి మించవు, ఆ వైరసే ఒంట్లో మారిపోయి ఎఫ్‌ఐపీ అనే ప్రాణాంతకమైన జబ్బు తెస్తాది. తగ్గని జ్వరం, బక్కచిక్కిపోవడం, చాలాసార్లు పొట్టలో నీరు చేరడం దాని గుర్తులు.

మరి యాంటీబాడీ అంటే ఏటి? ఓటేసినాక వేలికి సిరా పెడతారు సూడండి, అలాటిదే. వైరస్ ఒంట్లోకొస్తే రక్తంలో మిగిలే గుర్తు. సిరా చూసి ఓటేసినాడని చెప్పగలం. ఎవరికేసినాడో చెప్పలేం, ఇంకా బూత్‌లోనే ఉన్నాడనీ చెప్పలేం. పేగుల్లో ఊరికే ఉన్నదీ, ఎఫ్‌ఐపీగా మారిందీ ఒకే వైరస్ గనక రెండింటికీ సిరా ఒకటే. వైరస్‌లోని 7బి అనే ప్రోటీన్ మీద టెస్టు చేస్తే ఎఫ్‌ఐపీ తేలిపోద్దని ఒకప్పుడు ఆశపడినారు. తీరా చూస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ ఆ యాంటీబాడీలు దొరికినాయి.

కోవిడ్‌నీ పిల్లుల కరోనానీ మాత్రం ఈ టెస్టుతో విడదీయొచ్చు. 2020లో చైనాలోని వూహాన్‌లో 102 పిల్లుల రక్తం చూస్తే 15టిలో కోవిడ్ యాంటీబాడీలు కనిపించినాయి. కోవిడ్‌కి ముందు తీసి దాచిన 39 పిల్లుల రక్తంలో ఒక్కదాన్లోనూ లేవు. పిల్లుల కరోనాలో టైప్ 1, టైప్ 2 అని రెండు రకాలున్నాయి. వాటి యాంటీబాడీలు ఆ కోవిడ్ టెస్టుకి చిక్కలేదు. అంటే టెస్టు ఏ వైరస్ కోసం తయారైందో అదే అసలు సంగతి. ఆ ముక్క కాయితం మీద లేకపోతే ‘కరోనా పాజిటివ్’ అన్న మాటకి అర్థం లేదు.

పిల్లిజాతికి కోవిడ్ రాదనడం లేదు. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూలో 8 సింహాలకి వచ్చినట్టు సీసీఎంబీ తేల్చింది. అయితే అక్కడ ముక్కు, గొంతులోంచి నమూనాలు తీసి, పీసీఆర్‌తో వైరస్‌నే పట్టినారు. మనుషుల విషయంలోనూ 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ ఇదే చెప్పింది: రాపిడ్ యాంటీబాడీ టెస్టు జబ్బు ఎంత పాకిందో చూడ్డానికే, పీసీఆర్‌కి బదులు కాదు.

అందుకే అలాటి కాయితమొస్తే భయపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ కరోనాకి చేసిన టెస్టు? వైరస్‌ని పట్టినారా, యాంటీబాడీనా? ఎఫ్‌ఐపీ అనుమానముంటే పొట్టలో నీరు తీసి చూసినారా? ఒకవేళ ఎఫ్‌ఐపీయే అయినా ఆశ ఉంది. ఒకప్పుడు దానికి చావే గతి. ఇప్పుడు మన కోవిడ్ రోగులకిచ్చిన రెమ్డెసివిర్, దాని చుట్టం జీఎస్-441524 మందులతో చాలా పిల్లులు బతుకుతున్నాయి. ఖర్చు ఎక్కువే, అది వేరే పోరాటం.

పిన్ని పిల్లికి పొట్టలో నీరూ లేదు, జ్వరమూ లేదు. ఇంకో డాక్టరు చూసి కడుపుకి మందిచ్చినాడు. ఇప్పుడు తింటంది. గోనెసంచి మాత్రం తప్పింది వెంట్రుకవాసిలో. టెస్టుకి డబ్బులు తీసుకున్నోళ్లు, ఏ వైరస్‌కి చేసినారో, పాజిటివ్ అంటే ఏటో కింద రెండు లైన్లు తెలుగులో రాసివ్వాల. సర్కారు పశువుల ఆసుపత్రుల నుంచే అది మొదలవ్వాల. అడగాల్సింది మనమే.