ఎర్రగుంపు కింద కాపలా

మృగశిర కార్తెకు ముందొచ్చే ఆదివారానికి కొర్రమీను మీద కథనం కావాలన్నారు ఎడిటర్. ధరలు, పులుసు, హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం ఏటా రాసేవే. ఈసారి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చెరువుల్లో ఈ చేప సంసారం ఎలా సాగుతుందో చెప్పాలనిపించింది. గడువు మీద పడుతున్నా నన్ను కదలనివ్వనిది ఒకటుంది: ఎర్రగుంపు.

తొలకరి పడి కొత్తనీరు చేరగానే కొర్రమీనులు జతకడతాయి. లోతుకు పోవు. శిఖం వైపు, మోకాలిలోతు నీళ్లలో, తుంగా జమ్మూ పెరిగినచోట గడ్డిని పక్కకు నెట్టి గుండ్రటి జాగా చేసుకుంటాయి. గుడ్లు పసుప్పచ్చగా ఉంటాయి. ఒక్కోదానిలో నూనెబొట్టు ఉండడం వల్ల మునగకుండా పైనే తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలైపోతాయి.

కాస్త ఎదిగాక ఆ పిల్లలు నారింజ కలిసిన ఎరుపు రంగులోకి వస్తాయి. వందలాదిగా ఒక్క ముద్దగా తిరుగుతాయి. గట్టు మీద నిలబడి చూస్తే చెరువులో ఒక్కచోట మాత్రం నీళ్లు ఎసరులా కుతకుతలాడుతుంటాయి. పిల్లలన్నీ గాలి కోసం పైకొచ్చి, గుటక వేసి, దిగుతున్నాయన్నమాట. వాటి కింద, మసక నీళ్లలో, పెద్ద చేప ఉంటుంది. తల్లే కాదు, తండ్రి కూడా కాస్తుంది. దగ్గరికొచ్చిన కప్పనైనా, పామునైనా, మరో చేపనైనా తరుముతుంది. పిల్లలు రెండంగుళాలకు ఎదిగి, ఎరుపు పోయి, గోధుమ చారలు తేలేదాకా, అంటే ఇంచుమించు నెల రోజులు, ఈ కాపలా సాగుతుంది.

ఆ కాపలాయే దాని ప్రాణం మీదికి తెస్తుంది. ఎర్రగుంపు కనబడితే కింద పెద్దది ఉన్నట్టేనని గాలం వేసేవాళ్లందరికీ తెలుసు. కప్పను గుచ్చి గుంపు నడుమ ఆడిస్తే చాలు, పిల్లల్ని తినడానికి వచ్చిందనుకుని ఒక్క ఊపున పట్టేస్తుంది. పెద్దది పోయాక గుంపు చెదిరిపోతుంది. కొంగలు కొన్నిటిని, జెల్లలు కొన్నిటిని మింగుతాయి. ఆకలి వేస్తే పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి. మృగశిర నాడు చేప తినాలనే ఆనవాయితీ సరిగ్గా ఈ జతలు కట్టే రోజుల్లోనే పడుతుంది. ఆ ఆనవాయితీ నాకూ ఇష్టమే. అయినా ఎర్రగుంపు కింది జతను ఆ నెల వదిలేయాలని గట్టిగా అడుగుతున్నాను.

సూర్యాపేట మార్కెట్లో కొర్రమీనును టబ్బులో బతికుండగానే అమ్ముతారు. టబ్బు పక్కన కాసేపు కూర్చుంటే దాని రహస్యం కనిపిస్తుంది. నల్లటి వీపు, పాము తలలాంటి బల్లపరుపు తల. ఉన్నట్టుండి మూతి పైకెత్తి గాలి మింగుతుంది. మొప్పల పైభాగాన దానికి గాలి గది ఉంది. మొప్పలొక్కటే దానికి చాలవు. పైకి రాకుండా నీటిలో వల అడ్డం కడితే చేపై ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. ఆ గది ఉంది కాబట్టే ఎండాకాలం చెరువు అడుగంటినా బురదలో తడి ఉన్నంతకాలం బతుకుతుంది. వానరాత్రి తడిగడ్డి మీద పాక్కుంటూ ఒక మడి నుంచి ఇంకో మడికి పోతుంది.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెబుతాను. 1793లో జర్మన్ పండితుడు బ్లోఖ్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పటి పేరు చన్నా స్ట్రయేటా. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లొచ్చాయి. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు ఈ చేప పాకే వరి మళ్లు పరుచుకున్నాయి. సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టు ఉండనే ఉంది. 2016లో తెలంగాణ కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది.

బిరుదు బాగుంది. కానీ ప్రభుత్వం చెరువుల్లో ఏటా వదిలే పిల్లల్లో ఎక్కువ భాగం కట్ల, రవ్వ, మిరిగాల, బంగారుతీగలే. కట్ల, రవ్వలకు గుడ్లు పెట్టడానికి పారేనీరు కావాలి, నిలవనీటి చెరువులో పెట్టవు. అందుకే వాటికి ఏటా పిల్లల్ని పోయక తప్పదు. కొర్రమీనుకు ఆ ఖర్చు లేదు, మన చెరువులోనే పిల్లల్ని కంటుంది. పూడిక తీసేటప్పుడు అంచున కాస్త జమ్ము, తుంగ ఉంచితే దానికి చాలు.

పెంచి అమ్ముకోవచ్చు కదా అంటారు. ఇది మాంసాహారి. కంబోడియాలో చిన్న చేపలన్నీ దీనికి మేతగా పోతున్నాయని కొన్నేళ్లపాటు పెంపకాన్నే నిషేధించారు.

బాక్స్: టబ్బు దగ్గర గుర్తుపట్టండి

కొర్రమీను: పక్కల మీద ఏటవాలు చారలు, పొట్ట తెలుపు. మామూలుగా మూరెడు దాకా దొరుకుతుంది, కొన్ని ఇంకా పెద్దవవుతాయి.

మట్టగిడస: దాని దాయాది. ఒంటినిండా నల్ల చుక్కలు. పెరిగినా అడుగు లోపే. కొర్రపిల్లని చెప్పి అంటగట్టేది దీన్నే.

పూమీను: తోక మొదట్లో కన్నులాంటి మచ్చ. మీటరు దాటి పెరుగుతుంది. పెద్ద నదులు, రిజర్వాయర్లు దీని చోటు.