పాత ఉలి, బాడిస తుక్కు కింద అమ్మేస్తున్నారా? ముందు అంచు చూడండి

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒకప్పుడు నాగలి, గొర్రు, గుంటక, ఎడ్లబండి అన్నీ వడ్రంగి చేతి మీదుగానే వచ్చేవి. పత్తి, మిర్చి చేలల్లోకి ట్రాక్టర్లు దిగాక ఆ పని తగ్గింది. మిగిలిన పనికి కరెంటు రంపాలు, కరెంటు చిత్రికలు వచ్చేశాయి. దాంతో తాతలనాటి పనిముట్లు అటక మీద తుప్పు పట్టి, చివరికి కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు పోతున్నాయి. వాటిలో మళ్లీ దొరకని సరుకూ ఉంటుంది, పైకి బాగున్నా పనికిరానిదీ ఉంటుంది. మరి తేడా తెలిసేదెలా?

తుప్పు చూసి కంగారు పడక్కర్లేదు. పైపైన ఉన్నది కిరోసిన్, గరుకు కాగితంతో పోతుంది. గుంటలు పడితేనే చిక్కు. ముఖ్యంగా ఉలికి ఏటవాలు లేని చదును వైపు, అంచు దగ్గర గుంటలుంటే ఎంత సాన పట్టినా పదును తీరుగా రాదు. నిజానికి బఫింగ్ చేసి తళతళలాడించిన వాటినే ఎక్కువ అనుమానించాలి.

అసలు విలువ అంచులో మిగిలిన ఉక్కుదే. పాతరోజుల్లో ఉక్కు ఖరీదు. అందుకే ఒళ్లంతా మెత్తని ఇనుముతో చేసి, కోసే అంచుకు మాత్రం ఉక్కు ముక్కను కొలిమిలో అతికించేవారు. పక్కభాగం రుద్ది చూస్తే రెండింటి మధ్య సన్నటి గీత కనిపిస్తుంది. ఏళ్ల తరబడి నూరి నూరి ఆ ఉక్కు అరిగిపోతే ఇక పదును నిలవదు. గీత లేనంత మాత్రాన తీసిపారేయొద్దు. లారీ కమాను పట్టీతో కొట్టినవి మొత్తం ఉక్కే.

ఆకురాయితో అంచు మీద మెల్లగా గీస్తే సంగతి తేలిపోతుంది. జారినా, కొద్దిగానే పట్టినా గట్టి ఉక్కు ఉన్నట్టే. సులువుగా దిగిపోతే ఉక్కు అరిగిపోయిందన్నా అనుకోవాలి, వేడికి గట్టిదనం పోయిందన్నా అనుకోవాలి. అంచు నీలం రంగుకు తిరిగితే ఎవరో గ్రైండర్ మీద కాల్చేసినట్టు. ఆ నీలం మేర అరగదీస్తే కింద మంచి ఉక్కు దొరకొచ్చు.

కొన్నిటిపై 'షెఫీల్డ్', 'కాస్ట్ స్టీల్' అని ముద్ర ఉంటుంది. అది పోత ఇనుము కాదు, మూసలో కరిగించి తీసిన ఉక్కు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో ఈ పద్ధతి తెచ్చాడు. మూస ఉక్కు మనకు కొత్తేం కాదు, నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం నుంచి పర్షియా దాకా వెళ్లింది. అయితే ముద్ర ఒక్కటే చూసి డబ్బు పెట్టొద్దు. అంచు అరిగిన షెఫీల్డ్ ఉలి కంటే ఊరి కమ్మరి కొట్టిన ముద్ర లేని ఉలే నయం.

రంపమైతే కాస్త వంచి వదలాలి. తిన్నగా వెనక్కి రావాలి. మడత పడి ఉంటే కొనకపోవడమే మంచిది.

బాడిస విషయంలో మాత్రం పిడి దూరే కన్ను దగ్గర పగులుందేమో చూడాలి. తాడుకు వేలాడదీసి తడితే ఖంగుమనాలి, బొంగురుగా మోగితే లోపల పగులుందని అనుమానించాలి. బాడిస దెబ్బ పడేది కర్రను తొక్కిపట్టిన కాలి వైపే. పగిలిన బాడిస ఎంత పాతదైనా తుక్కు కొట్టుకే.